పాప్ సింగర్ ‘మాడి’తో కొల్లేరు దాకా

ఇరవై ఏళ్ళుగా హైదరాబాదులో కీబోర్డు వాయించి బతుకుతున్నాను. పెళ్ళిళ్ళలో, పార్టీ మీటింగుల్లో, సంస్మరణ సభల్లో వాయించాను. ఏ పాట మీదా గౌరవం లేకుండా ఏ పాటనైనా వాయించడం నాకు బాగా వచ్చు. అలాంటివాణ్ణి రెండు వేల ఆరు డిసెంబరులో ఒక పాటల కంపెనీ నాలుగు రోజుల కోసం ఏలూరు వైపు పంపించింది. ఒక కొత్త పాటగత్తె మొదటి ఆల్బం సంక్రాంతి తర్వాత బజారులోకి వస్తుందట. ఈలోగా ఆమె సొంత జిల్లాలో రెండు ప్రోగ్రాములు చేసి, కొల్లేట్లో ఒక పాటకి వీడియో తీసుకు రావాలి. ఆ వైపు ఎప్పుడూ వెళ్ళనివాళ్ళకి ఎలా ఉంటుందో చెబుదామని రాస్తున్నాను. చూడదగ్గ ప్రదేశాల పట్టీ కావాలంటే మాత్రం ఇంకెవరినైనా అడగండి.

ఏలూరు

అమ్మాయి పేరు మార్తా. ఇరవై ఒక్క ఏళ్ళు. ఇల్లు వట్లూరులో, కాలేజీలకి దగ్గర్లో. తండ్రి లేడు. తల్లి సువార్తమ్మగారు నర్సు. మార్తా చర్చిలో క్వయర్ వెనకాల నిలబడి గిటారు నేర్చుకుందట. రాయడం ఎవరూ నేర్పలేదట. ఆ సంగతి పాటలు వింటే నాకు ముందే తెలిసింది. హాస్టల్ సాంబారు మీద ఒక పాట, కనిపించిన చోటల్లా ఆగే పాసింజరు రైలు మీద ఒక పాట, వాళ్ళమ్మ తెల్లచీర మీద ఒక పాట. సైకిలు చైను ఊడటం మీద కూడా నాలుగు చరణాలు రాసింది. ఎవరికి కావాలి ఇవన్నీ అనుకుంటూనే స్టూడియోలో వాటికి డిస్కో దరువు తగిలించి ఇచ్చాను.

మాతో వచ్చిన కంపెనీ మనిషి చలపతి. అతను నల్లకళ్ళద్దాలు స్నానానికి తీస్తాడో లేదో నాకు తెలియదు. తెలుగులో పాప్ అనేది తనే కనిపెట్టినట్టు మాట్లాడతాడు. మార్తా అనే పేరు వింటే మిషన్ ఆసుపత్రి గుర్తొస్తుందని చెప్పి ఆమెకి ‘మ్యాడీ’ అని పేరు పెట్టాడు.

వట్లూరులో మేము దిగేసరికి వీధి పొడుగునా ఇళ్ళ ముందు కాగితం నక్షత్రాలు వేలాడుతున్నాయి. సువార్తమ్మగారు మా ముందు రొయ్యల ఇగురు, చింతకాయ పచ్చడి పెట్టి, మేము తింటున్నంతసేపూ నిలబడే ఉన్నారు.

“ఇంకొంచెం వేసుకోండి. మా అమ్మాయి పాటలు మీకు నచ్చాయాండీ?” అని నన్ను అడిగారు.

హైదరాబాదులో ఇలాంటి ప్రశ్న ఎవరూ వేయరు. ఎంతకి అమ్ముడవుతాయి అని అడుగుతారు. నేను నోటినిండా రొయ్యలు పెట్టుకుని తల ఊపాను. అబద్ధం చెప్పడానికి అది మంచి పద్ధతి.

ఈ ఊళ్ళో అన్నిటికీ అండీ తగిలిస్తారు. రిక్షా అతను నా కాలి మీద చక్రం ఎక్కించి, “చూసుకోవాలి కదండీ” అన్నాడు. తిట్టాడో, క్షమాపణ చెప్పాడో నాకిప్పటికీ తెలియదు.

సాయంత్రం ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రాము. ప్రిన్సిపాల్‌గారు పాశ్చాత్య సంగీతం వల్ల యువత ఎలా చెడిపోతోందో ముప్పావుగంట చెప్పి, చివర్లో పాశ్చాత్య సంగీతం పాడటానికి మార్తాని పిలిచారు. పిల్లలు సినిమా పాట కావాలని కేకలు పెట్టారు. ఆమె రెండు చేతులూ జోడించి, “నాకు అవి సరిగ్గా రావండీ. నావి వింటారా?” అంది. సగం మంది లేచి కాంటీన్‌కి వెళ్ళారు. హాస్టల్ సాంబారు పాట మొదలయ్యాక కొందరు తిరిగొచ్చారు. రెండో చరణానికి ముందువరుస కుర్రాళ్ళు నవ్వి, చప్పట్లతో తాళం వేశారు. నా డిస్కో దరువుకీ వాళ్ళ చప్పట్లకీ పొత్తు కుదరలేదు. నేనే తగ్గించుకున్నాను.

తాడేపల్లిగూడెం

రెండోరోజు గూడెంలో ఒక బట్టల షాపు ప్రారంభం. ఉల్లిపాయల మార్కెట్ వాసన ఊరికి చాలా ముందే ఎదురొచ్చింది. లారీల కింద ఉల్లిపొట్టు చెప్పులకి అంటుకునేంత మందంగా పరుచుకుని ఉంది. అక్కడ బండి మీద ఐదు రూపాయలకి పొట్లం నిండా పకోడీలు కట్టిచ్చారు. మా ఊళ్ళో పకోడీలో ఉల్లిపాయ ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇక్కడ శనగపిండిని వెతుక్కోవాలి. ఈ ప్రయాణంలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకున్న మొదటి విషయం అదే.

షాపు ముందు పెద్ద బ్యానరు కట్టారు. దాని మీద మనిషంత అక్షరాలతో ‘ప్రఖ్యాత పాప్ సింగర్ మాడి’ అని రాసి ఉంది. అది చూసి మండిపడ్డది చలపతి ఒక్కడే. మిగిలినవాళ్ళెవరికీ అందులో తప్పు కనిపించలేదు.

“య-వత్తు ఏదయ్యా? మాడి ఏమిటి, అన్నం మాడినట్టు?” అని అతను బ్యానరు రాసిన పెద్దాయన మీదకి వెళ్ళాడు.

ఆయన నిదానంగా కుంచె తుడుచుకున్నాడు. “ఫోనులో మీరు అలాగే చెప్పారండీ. అదేం పేరండీ అని రెండుసార్లు అడిగాను. నీ పని నువ్వు చూసుకోమన్నారు.”

మార్తా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగి నవ్వింది. “పోనీలెండి చలపతిగారూ, మ్యాడీ కంటే అదే నయం. అర్థమైనా ఉంది” అంది.

ప్రోగ్రాము గురించి ఎక్కువ చెప్పను. ఆమె ఒక చరణం పాడటం, మైకు లాక్కుని షాపు ఓనరు పట్టుచీరల మీద తగ్గింపు ప్రకటించడం, మళ్ళీ ఆమె మిగతా చరణం అందుకోవడం. వాళ్ళమ్మ తెల్లచీర పాట పాడుతుంటే అతను మధ్యలో వచ్చి, తెల్లచీరలు రెండో అంతస్తులో ఉన్నాయని చెప్పాడు. ఆమె ఆగింది, అతను చెప్పడం అయ్యేవరకూ నిలబడింది, ఆగిన మాట దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెట్టింది. నేనైతే గిటారు అతని నెత్తిన బద్దలు కొట్టేవాణ్ణి. కాదులెండి, కొట్టేవాణ్ణి కాదు. ఇరవై ఏళ్ళలో ఎవరినీ కొట్టలేదు.

గణపవరం దారి

మూడోరోజు వ్యానులో గణపవరం మీదుగా తిరిగాం. చలపతికి వీడియో కోసం పచ్చటి పొలాలు కావాలట. డిసెంబరులో అక్కడ కోతలు అయిపోయి మోళ్ళు మిగిలాయి. పచ్చగా లేవేమిటని అతను ఒక రైతుని నిలదీశాడు. ఆ రైతు, “మీరొస్తారని తెలియదండీ, కోసేశాం” అన్నాడు.

టీ కోసం ఒకచోట ఆగాం. రోడ్డుకి రెండువైపులా చేపల చెరువులు. ఐసు కారుతూ లారీలు వెళుతున్నాయి. హైదరాబాదులో సగం చాయ్ తాగి గంటసేపు కూర్చోనిస్తారు. ఇక్కడ ఆవిడ గ్లాసు నిండా పోసి, తాగేదాకా ఎదురుగా చూస్తూ కూర్చుంది.

ఆల్బంలో అసలు పాట కొల్లేరు పాటే. కంపెనీ ఆశంతా దాని మీదే. ఆ వేసవిలో కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేయించింది. సరస్సుని పిట్టలకీ నీటికీ తిరిగి ఇస్తున్నామన్నారు. మార్తా అది పేపర్లో చదివి పాట రాసింది. పల్లవి ఇలా ఉంటుంది:

*గట్టు తెగింది, నీరు కలిసింది,*
*కొల్లేరు నవ్వింది.*

హైదరాబాదులో ఇది విన్నవాళ్ళందరూ మెచ్చుకున్నారు. విన్నవాళ్ళెవరూ కొల్లేరు చూడలేదు. ఆ మాటే టీ తాగుతూ అన్నాను.

“నేనూ లోపలికి వెళ్ళలేదు మాస్టారూ” అంది మార్తా. “బస్సులోంచి గట్టు చూశానంతే.”

“ఏలూరులో పుట్టి పెరిగి?”

“మీరు చార్మినార్ ఎక్కారా?”

ఎక్కలేదు. టీ తాగేశాను.

లంక

నాలుగోరోజు పొద్దున్నే ఒక లంక గ్రామానికి చేరాం. నీళ్ళ మధ్య ఎత్తుమీద ఉండే ఊళ్ళని అక్కడ లంకలంటారు. తెగిన గట్లు మట్టికుప్పల్లా అక్కడక్కడా తేలి ఉన్నాయి. వాటి మీద గూడబాతులు కూర్చుని, సంచుల్లాంటి గొంతులు వేలాడేసుకుని, మమ్మల్ని ఏమాత్రం లెక్కచేయకుండా చూశాయి. నేను దోనె ఎక్కబోయి మోకాలిదాకా బురదలో దిగబడ్డాను. కాలు వచ్చింది, బూటు రాలేదు.

దోనె నడపడానికి సూరమ్మ అనే ఆమెని మాట్లాడారు. అరవై దాటి ఉంటాయి. చలపతి మార్తాకి ఎర్రగౌను వేయించి దోనె ముందు నిలబెట్టాడు. సూరమ్మని వెనకాల వంగి గెడ వేస్తూ నవ్వమన్నాడు. గట్టు మీద టేప్ రికార్డరులో పాట పెట్టారు. మార్తా పెదాలు కదపాలి. వీడియో అంటే అదే.

పాట పదోసారి పెట్టారో, పన్నెండోసారో. కెమెరా వెనక నుంచి చలపతి అరిచాడు.

“పెద్దమ్మా, నవ్వమంటే నవ్వవేం?”

సూరమ్మ గెడ ఆపింది. “ఎందుకు నవ్వాలి బాబూ?”

“పాటలో ఉంది కదా. కొల్లేరు నవ్వింది అని.”

“అదేనా అంటోంది? నాకు సరిగ్గా వినపళ్ళేదు.” ఆమె మార్తా వైపు తిరిగింది. “నువ్వేనా అమ్మా రాసింది?”

“నేనేనండీ.”

“ఎవరు చెప్పారమ్మా నవ్విందని?”

కెమెరా తిరుగుతూనే ఉంది. సూరమ్మ గొంతు పెంచలేదు. కూర వండడం చెప్పినట్టు చెప్పింది.

“పెద్దోళ్ళ చెరువులూ కొట్టేశారు, మా సొసైటీ చెరువూ కొట్టేశారు. పెద్దోళ్ళకి ఏలూర్లో మేడలున్నాయి. మా దుర్గ, మా కోడలు, చెరువు కాడ చేపలు ఏరే పనికెళ్ళేది. ఇప్పుడు కువైట్ ఎళ్ళింది, ఎవరింట్లోనో అంట్లు తోమడానికి. దాని పిల్ల నా దగ్గరే ఉంది, మూడేళ్ళది. నీళ్ళు కలిసిన మాట నిజమే. పిట్టలొచ్చిన మాటా నిజమే. పూర్వం ఈ నీళ్ళల్లో మావులు ఏసుకుని చేపలు పట్టుకునేవోళ్ళం, అదీ నిజమే. కానీ నవ్విందని నువ్వెలా రాశావో నాకు తెలీటంలేదమ్మా.”

మావు అంటే వెదురుపుల్లలతో అల్లే చేపల ఉచ్చు అని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నాకు తెలిసింది ఒక్కటే. టేపులో నేను వాయించిన దరువు ఆ మాటల కింద గంతులేస్తోంది. వెళ్ళి ఆపేశాను.

మార్తా దోనెలో కూర్చుండిపోయింది. ఎర్రగౌను అంచు నీళ్ళలో తడుస్తోంది. “పేపర్లో చదివి రాశానండీ. తప్పయింది” అంది.

“తప్పని కాదమ్మా. తెలీదు కదా నీకు.”

చలపతి గట్టు మీద నుంచి ఎండ పోతోందని కేకేశాడు. మార్తా ఒడ్డుకి వచ్చి, అతని ముందు నిలబడింది.

“ఈ పల్లవి నేను పాడనండీ. మార్చి రాస్తాను. రెండు రోజులు ఇవ్వండి.”

“మార్చడమేంటి? రికార్డింగు అయిపోయింది మ్యాడీ. ఇలాంటి ముసలమ్మలు వంద చెబుతారు.”

“మళ్ళీ పాడతాను.”

“కొల్లేరు ఏడ్చింది అని పాడతావా? ఎవరు కొంటారు?”

“ఏమని పాడతానో ఇంకా తెలీదండీ. ఇది మాత్రం పాడను.”

అతను నన్ను పక్కకి పిలిచాడు. ‘గురూ, నువ్వు చెబితే వింటుంది’ అన్నాడు. వచ్చే ఏడాదంతా కంపెనీ పనులు నాకే ఇప్పిస్తానన్నాడు. నేను ఒక కాలికి బూటు, ఒక కాలికి బురదతో మార్తా దగ్గరికి వెళ్ళి, ఇప్పటికి పాడెయ్యమని, పేరొచ్చాక నిజాలు రాసుకోవచ్చని చెప్పాను. ఇరవై ఏళ్ళ అనుభవం అంతా కలిపి చెప్పాను.

ఆమె పూర్తిగా విని, “మీరు చెప్పింది అర్థమైందండీ మాస్టారూ” అంది. అంతే. ఒప్పుకుందనుకున్నాను. ఆమె సూరమ్మ ఇంట్లోకి వెళ్ళి గౌను మార్చుకుని, తన నూలు చుడీదారులో బయటికొచ్చింది. గౌను మడతపెట్టి చలపతి చేతిలో పెట్టింది.

అప్పుడు చలపతి నల్లకళ్ళద్దాలు తీశాడు. అతని కళ్ళు చిన్నవని ఆరోజే చూశాను. మ్యాడీ అనే పేరు కంపెనీదని, ఎనిమిది పాటలూ కంపెనీవని, మార్తా సంతకం చేసిన కాగితంలో అదంతా ఉందని నెమ్మదిగా వివరించాడు. ఎవరు పాడినా మ్యాడీయే అవుతుందన్నాడు. ఆ మాట నిజం. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాదే. చదవకుండా చేశాను. ఆమె కూడా నన్ను చూసి, పెద్దవాడు ఉన్నాడు కదా అని చదవకుండానే చేసింది.

వ్యాను చలపతిని, కెమెరాని ఎక్కించుకుని వెళ్ళిపోయింది. వెళ్ళేముందు చలపతి నన్ను కూడా రమ్మన్నాడు. బూటు వెతకాలని చెప్పి ఆగిపోయాను. అంతకంటే గొప్ప కారణం ఆ క్షణంలో తోచలేదు.

సూరమ్మ మాకు కొర్రమేను పులుసుతో అన్నం పెట్టింది. ఆ పులుసుని వర్ణించను. వర్ణిస్తే ఈ వ్యాసంలో నేను తిట్టినవన్నీ తేలిపోతాయి. తిన్నాక మార్తా చేతిసంచిలోంచి నోటుబుక్కు తీసి గుమ్మంలో కూర్చుంది. మూడేళ్ళ మనవరాలు వచ్చి ఆమె గిటారు తీగ ఒకటి లాగి, చప్పుడు వినిపించగానే పారిపోయి, మళ్ళీ వచ్చింది. మార్తా సూరమ్మని ఒక్కొక్కటీ అడిగింది. గూడబాతులు ఏ నెలలో వస్తాయి, మావు ఎలా వేస్తారు, దుర్గ ఎప్పుడు ఫోను చేస్తుంది. సూరమ్మ జవాబులు చెబుతూ రొయ్యలు ఒలుస్తోంది. నేను కొల్లేరు పాటకి ఆరు రోజులు దరువు కట్టాను. ఒక్క ప్రశ్న కూడా ఎవరినీ అడగలేదు.

పొద్దు వాలకముందే పల్లవి తయారైంది. గిటారు మీద నిదానంగా పాడి వినిపించింది:

*గట్టు తెగింది, నీరు కలిసింది,*
*సూరమ్మ కోడలు కువైట్ వెళ్ళింది.*

“మీ పేరు పెట్టాను. పెట్టొచ్చాండీ?” అని అడిగింది.

సూరమ్మ ఆలోచించింది. “నా పేరెందుకమ్మా? ఎళ్ళింది నేను కాదు కదా. దాని పేరే పెట్టు.”

మార్తా ‘సూరమ్మ కోడలు’ కొట్టేసి ‘ఈ ఇంటి దుర్గ’ అని రాసింది. మళ్ళీ పాడింది. సూరమ్మ ఒలిచిన రొయ్య చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయింది. పాట అయ్యాక లేచి పెరట్లోకి వెళ్ళి, కాసేపటికి మొహం కడుక్కుని వచ్చింది.

మేం షేర్ ఆటోలో ఏలూరు తిరిగొచ్చాం. దిగేటప్పుడు మార్తా, “అమ్మకి కాగితం సంగతి నేనే చెబుతానండీ, మీరు చెప్పకండి” అంది.

హైదరాబాదు

యాత్రలు రాసేవాళ్ళు ఇంటికి చేరగానే ఆపేస్తారు. వాళ్ళకి తర్వాత జరిగిన సిగ్గుపనులు ఉండవనుకుంటాను.

జనవరిలో చలపతి ఫోను చేశాడు. మ్యాడీ దొరికిందన్నాడు. స్టూడియోకి వెళితే ఒక కొత్త అమ్మాయి గాజుగదిలో చూయింగ్ గమ్ నములుతూ నిలబడి ఉంది. కొల్లేరు ఏ జిల్లాలో ఉందని నన్ను అడిగింది. కొల్లేరు నవ్వింది అని నాలుగు టేకుల్లో పాడేసింది. కీబోర్డు ఎవరు వాయించారని అడుగుతారేమో. నేనే. ఇంటి అద్దె ఉందనీ, నేను కాకపోతే ఇంకొకడు వాయిస్తాడనీ నాకు నేను చెప్పుకున్న మాటలు ఇక్కడ రాయను. అవి మీకూ తెలుసు.

ఆ పాట ఎఫ్ఎంలో మూడు వారాలు మోగి, తర్వాత వినపడకుండా పోయింది. వీడియోని ఏదో రిసార్టులో తీశారు. గూడబాతుల బదులు అక్కడ తెల్లబాతులున్నాయి.

మార్తా ఏలూరులో ఒక స్కూల్లో పాటల టీచరుగా చేరిందని, ఆదివారాలు తన పాటలు తన పేరుతోనే చర్చి హాళ్ళలో, కాలేజీల్లో పాడుతోందని విన్నాను. ఫోను చేయడానికి నాకు రెండు నెలలు పట్టింది. ఏం చెప్పాలో కాగితం మీద రాసుకుని మరీ చేశాను. మొదటి వాక్యం కూడా పూర్తి కాలేదు.

“విన్నానండీ మాస్టారూ, ఎఫ్ఎంలో” అంది. “రెండో చరణం ముందు మీరు వాయించిన బిట్టు బాగుందండీ.”

వెటకారం కాదు. ఆ అమ్మాయికి వెటకారం రాదు. నాకొచ్చే విద్య అదొక్కటే కాబట్టి, అది లేనిచోట నాకు వెంటనే తెలుస్తుంది.

“మార్తా, ఆ కాగితం నేను చదవాల్సింది” అన్నాను.

“అవునండీ” అంది. “నేనూ చదవాల్సింది. వచ్చే ఆదివారం లంకలో పాడుతున్నానండీ, సూరమ్మగారి ఇంటి దగ్గర. దుర్గగారు సెలవు మీద వచ్చారట. వీలైతే రండి.”

“కీబోర్డు తెచ్చుకోనా?”

“వద్దండీ” అంది, అంతే మెత్తగా. “వినడానికి రండి.”

వెళ్ళాను. చాప మీద, రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళ పక్కన చోటిచ్చారు. ముందు వరుసలో ఒక పాతికేళ్ళామె, చేతులకి ఇంకా సబ్బు పొడి పగుళ్ళతో, నిద్రపోతున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాటలో తన పేరు వచ్చినప్పుడు ఆమె తల ఎత్తలేదు. పిల్ల చెవి మీద చెయ్యి అడ్డం పెట్టి, లేవకుండా చూసుకుంది.